సగంలో ఆగిన ప్యాచ్‌కి ఆథర్ ఎవరు?

ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో ఎవరో మొదలుపెట్టి వదిలేసిన ప్యాచ్‌ను (కోడ్‌కి చేసే సవరణను) నేను పూర్తి చేశాను. తేదీలను తప్పుగా చదివే బగ్ అది. కోడ్ త్వరగానే అయిపోయింది. ఎక్కువ సమయం పట్టింది కమిట్ మెసేజ్‌లో, అంటే మార్పుతోపాటు రాసే వివరణలో, ఎవరి పేరు ఎక్కడ రాయాలన్న దగ్గరే.

కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ప్రతి కమిట్‌కీ (నమోదైన ఒక్కో మార్పుకీ) ఆథర్ (రాసినవాళ్లు), కమిటర్ (నమోదు చేసినవాళ్లు) అని వేర్వేరు వివరాలుంటాయి. మొదట రాసినాయన కమిట్‌ను చెర్రీ-పిక్ చేశాను, అంటే ఆ ఒక్క మార్పునే నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఆథర్‌గా ఆయన పేరు అలాగే ఉంది, కమిటర్‌గా నాది పడింది. మీద నేను చేర్చిన లైన్లు చాలానే ఉన్నాయి. అయినా బగ్ మూలం పట్టుకున్నది ఆయన. లైన్లు లెక్కపెట్టి ఆథర్‌ని తేల్చడం నాకు నచ్చదు. అందుకే ఆయన్నే ఆథర్‌గా ఉంచి, కింద కో-ఆథర్డ్-బై అని నా పేరు రాశాను.

ఇలా పేర్లు రాసే లైన్లకు పట్టింపులు ఎక్కువ. మెసేజ్ చివరి పేరాలోనే ఉండాలి, దాని పైన ఒక ఖాళీ లైను ఉండాలి. ప్రాజెక్టు కోడ్ ఉండే సైటు గిట్‌హబ్ మనిషిని ఈమెయిల్ బట్టే గుర్తుపడుతుంది కాబట్టి అది ఖాతాలో ఉన్నదే అయ్యుండాలి.

బగ్ రిపోర్ట్ చేసినావిడ ఒక్క లైను కోడ్ కూడా రాయలేదు. కానీ బగ్‌ను ప్రతిసారీ రప్పించే చిన్న ఉదాహరణ ఇచ్చింది ఆవిడే. అది లేకపోతే ఇంకా వెతుకుతూనే ఉండేవాళ్లం. రిపోర్టెడ్-బై ఆవిడకే. పరీక్షించి చూసినాయన్ని మాత్రం టెస్టెడ్-బై రాయడానికి ముందుగా అడిగాను. ఒకసారి కమిట్‌లోకి వెళ్లిన ఈమెయిల్‌ని తర్వాత తీసేయడం మామూలు పని కాదు కదా. ఆయన, అసలు ఈమెయిల్ బయటపడకుండా గిట్‌హబ్ ఇచ్చే నో-రిప్లై అడ్రస్ వాడమన్నారు.

నాకు టెన్షన్ పెట్టింది సైన్డ్-ఆఫ్-బై. లైనక్స్ కెర్నల్‌లో 2004లో మొదలైన పద్ధతి ఇది. ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందని ఎవరికి వాళ్లు చెప్పుకునే మాట, కాబట్టి ఇంకొకరి తరఫున రాయకూడదు. అదృష్టం కొద్దీ ఆయన పాత కమిట్‌లో ఆ లైను ఉంది. దాన్ని కదపకుండా కింద నాది చేర్చాను.

అంతా అయ్యాక మెయింటైనర్ (ప్రాజెక్టు చూసుకునేవారు) స్క్వాష్ చేస్తానన్నారు, అంటే కమిట్లను కలిపి ఒకే కొత్త కమిట్‌గా చేర్చడం. గిట్‌హబ్‌లో స్క్వాష్ చేస్తే పుల్ రిక్వెస్ట్ (మార్పును చేర్చుకోమనే అభ్యర్థన) తెరిచినవాళ్లే ఆథర్ అవుతారు, అంటే నేను. ఉన్నది ఒకటే కమిట్ కాబట్టి ఆథర్ పేరు మారకుండా చేర్చే రీబేస్ మెర్జ్ చేయమని అడిగాను. వెంటనే ఒప్పుకున్నారు.

తర్వాత రిలీజ్ నోట్స్‌లో చూస్తే నా పేరు లేదు. వాళ్ల స్క్రిప్ట్ వాడే గిట్ షార్ట్‌లాగ్ (కమిట్లను పేర్లవారీగా చూపే కమాండ్) మామూలుగా ఆథర్లనే లెక్కిస్తుంది. గ్రూప్ ఆప్షన్‌తో కో-ఆథర్లనూ కలపొచ్చని చెబితే స్క్రిప్ట్ మార్చారు. రిపోర్ట్ చేసినవాళ్ల పేర్లు కూడా అందులో రావాలన్నది నా వాదన. దానిమీద ఇంకా ఏమీ తేలలేదు.