పాత వాచీ డయల్: ఏ మచ్చను ఒప్పుకోవాలి, దేన్ని వద్దనాలి

పాత వాచీ కొనేవారిలో ఎక్కువమంది ముందుగా అది నడుస్తోందా లేదా అని చూస్తారు. నేను ముందుగా డయల్ చూస్తాను. ఆగిపోయిన యంత్రాన్ని విప్పి, కడిగి, నూనె వేసి మళ్ళీ నడిపించవచ్చు. అరిగిపోయిన చక్రానికి బదులు అదే రకం మరో వాచీ నుంచి తెచ్చి అమర్చవచ్చు. డయల్ మీద లేచిపోయిన అచ్చును మాత్రం ఎవరూ ఉన్నదున్నట్టుగా తిరిగి తేలేరు.

మనకు బాగా తెలిసిన హెచ్ఎంటీ జనతానే తీసుకుందాం. జపాన్‌కు చెందిన సిటిజన్ సంస్థ సహకారంతో హెచ్ఎంటీ 1961లో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. 2016లో ఆ విభాగాన్ని మూసివేయాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. పెళ్ళిలో అల్లుడికి పెట్టినవీ, ఉద్యోగ విరమణ నాడు చేతికి తొడిగినవీ ఇప్పటికీ ఎన్నో ఇళ్ళ బీరువాల్లో ఉన్నాయి. అలాంటి తెల్ల డయల్ జనతాను పగటి వెలుగులో, కంటికి భూతద్దం పెట్టుకుని చూస్తే, మధ్యలో లేత మీగడ రంగు, అంచున నిమిషాల గీతల వైపు వెళ్ళేకొద్దీ కాస్త ముదురు కనిపించవచ్చు. ఇత్తడి రేకు మీద వేసిన రంగునూ, ఆపైన పూసిన పారదర్శకమైన లక్కపొరనూ ఏళ్ళ తరబడి వెలుతురు, గాలి పసుపు రంగుకు తిప్పడం వల్ల వచ్చిన మార్పు అది. ఆ రంగు సమంగా పరుచుకుని, పేరూ, దాని కింద 17 జ్యుయెల్స్ (యంత్రంలో అరుగుదల తగ్గించే రాళ్ళ లెక్క) అన్న సన్నని అక్షరాలూ చెదరకుండా ఉంటే నేను దాన్ని లోపంగా లెక్కించను. తెల్లగా మెరిసేదానికంటే అదే నాకు అందంగా కనిపిస్తుంది.

తేమ వల్ల వచ్చిన మచ్చల విషయం వేరు. తేమ ఎక్కువగా కీ పక్కనుంచీ, గాజు అంచునుంచీ లోపలికి చేరుతుంది కనుక మచ్చలు తరచుగా మూడు అంకె దగ్గరా, డయల్ చుట్టంచునా మొదలవుతాయి. ఆవగింజంత నల్లచుక్కలు నాలుగైదు ఉన్నంత మాత్రాన వాచీని తోసిపుచ్చనక్కరలేదు. పూత బుడగలా ఉబ్బినా, దాని కింద పచ్చని చిలుము కనిపించినా మాత్రం ఎంత తక్కువ ధర చెప్పినా వద్దనడమే మేలు, ఎందుకంటే అక్కడ ఇత్తడి లోపలినుంచి తినుకుపోతోంది. సందేహం ఉంటే వెనక మూత తీయించి, కీకి అతుక్కుని ఉండే కడ్డీనీ, దాని చుట్టూ ఉన్న స్క్రూలనూ చూడాలి. అవి శుభ్రంగా ఉంటే మచ్చ ఎప్పుడో పడి ఆగిపోయిందని అనుకోవచ్చు. తుప్పు పట్టి ఉంటే డయల్ ఇంకా పాడవుతూనే ఉంటుంది. నా దృష్టిలో మచ్చ ఎంత పెద్దదన్న దానికంటే, అది ఆగిందా, సాగుతోందా అన్నదే ముఖ్యం.

చీకట్లో వెలిగే పూత ఉన్న పాత స్విస్ వాచీలకు మరో పరీక్ష ఉంది. ముళ్ళ మీది పూత, అంకెల మీది పూత కలిసి ముదిరితే సాధారణంగా ఒకే రంగుకు వస్తాయి. ముళ్ళు తెల్లగా, అంకెలు గోధుమ రంగులో ఉంటే ఏదో ఒకటి తరవాత మార్చినదై ఉండవచ్చు. 1960ల వరకు ఈ పూతలో రేడియం అనే రేడియోధార్మిక లోహం వాడేవారు. దాని అర్ధాయువు సుమారు 1600 ఏళ్ళు. కాంతినిచ్చే జింక్ సల్ఫైడ్ మాత్రం చాలా ముందే చెడిపోతుంది. కాబట్టి వెలగని పూతలో రేడియం లేదనుకుని దాన్ని గోకకూడదు. ఆ పొడి శ్వాసలోకి పోతే ప్రమాదం. రేడియం పూత ఉండి ఏళ్ళ తరబడి ఆగి ఉన్న వాచీలో ముల్లు నిలిచిన చోట, దాని ఆకారంలోనే గోధుమ రంగు నీడ డయల్ మీద పడి ఉంటుంది. ఆ గుర్తును నేను సంతోషంగా ఒప్పుకుంటాను.

నేను ఎంతమాత్రం ఒప్పుకోనిది తిరిగి రంగు వేసిన డయల్. కంపెనీ ఎన్నడూ చేయని రంగులతో తళతళలాడే జనతాలు బజారులో విరివిగా దొరుకుతున్నాయి. దగ్గరగా చూస్తే అక్షరాలు లావుగా, అంచులు అలికినట్టుగా ఉంటాయి. నిమిషాల గీత గంట గుర్తుకు ఎదురుగా రాకుండా పక్కకు జరిగి ఉంటుంది. దాన్ని రంగు వేసినదని చెప్పి అమ్మితే అభ్యంతరం లేదు, కొత్తలా ఉన్న పాత సరుకని అమ్మడం మోసం. రెండింటికీ ఒకే ధర చెప్పినా నేను మచ్చలున్న అసలు డయల్‌నే తీసుకుంటాను.

ఇంట్లో పెద్దల వాచీని బాగుచేయించేటప్పుడు కూడా ఇదే వర్తిస్తుంది. గాజు మార్పించి, యంత్రం శుభ్రం చేయించి, వెనక మూతకు కొత్త రబ్బరు రింగు వేయిస్తే చాలు. డయల్‌ను తడిగుడ్డతోనైనా తుడవవద్దని రిపేరు చేసే వ్యక్తికి ముందుగానే చెప్పాలి, ఎందుకంటే లక్కపొర వదులైన చోట ఒక్క తుడుపుతో అక్షరాలు కూడా ఊడి వస్తాయి.