300 అంటే అడుగులా, మీటర్లా?

నా పీహెచ్‌డీ డేటా అంతా కలిపినా 4 ఎంబీ ఉండదు. మా చెల్లి పెళ్ళిలో మామయ్య ఫోన్లో తీసిన ఒక్క వీడియో దీనికంటే పెద్దది. పరిశోధకులు తమ డేటాని అందరికీ కనబడేలా పెట్టే జెనోడో అనే సైటులో ఒక్కో రికార్డుకి 50 జీబీ దాకా ఉచితంగా పెట్టుకోనిస్తారు. అందుకే శనివారం అన్నం తిని కూర్చుంటే టీ వేళకి అక్కడ పెట్టేయడం అయిపోతుందనుకున్నాను. మూడు వారాలు పట్టింది.

బెంగళూరులో విద్యారణ్యపుర, సహకారనగర, జక్కూరు వైపు ఇళ్ళ బోర్ల నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చి పరీక్ష చేయడం నా పని. జర్నల్ వాళ్ళు పేపరు ఒప్పుకున్నారు, డేటా బయట పెట్టి దాని డీఓఐ, అంటే శాశ్వత గుర్తింపు నంబరు, పంపమన్నారు. సరేనని ఎక్సెల్ తెరిచాను.

బోరు లోతు కాలమ్‌లో 240, 300, 280, 1100. యూనిట్ లేదు. రాయాల్సింది నేనే. ఈ ఊళ్ళో బోరు లోతు ఎవరిని అడిగినా అడుగుల్లోనే చెప్తారు. నేనేమో అక్కడికక్కడే మీటర్లలోకి మార్చి రాసుకునేదాన్ని. నాతో వచ్చిన జూనియర్ వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసేవాడు. ఒకే వీధిలో సగం ఇళ్ళు నావి, సగం అతనివి. 1100 అయితే గొడవ లేదు, అడుగులే. 300 సంగతేంటి? 300 అడుగుల బోర్లూ ఉన్నాయి. 300 మీటర్లంటే 984 అడుగులు, బెంగళూరులో అదీ వింత కాదు.

జూనియర్‌కి ఫోన్ చేస్తే, "అక్కా, అప్పుడే అడిగాను మీటర్లు రాయాలా అని. మీరు ఆటో ఎక్కుతూ తర్వాత చూద్దాంలే అన్నారు" అన్నాడు. అనే ఉంటాను.

పాత నోటుబుక్కుల్లో చేతిరాత చూసి చాలావరకు తేల్చాం. ల్యాబ్ మారినప్పుడు ఒక పుస్తకం పోయింది, దాంట్లోని 19 ఇళ్ళకి ఫోన్లు చేయాల్సి వచ్చింది. లోతు ఎంతో అందరికీ గుర్తుండదు కానీ, మోటారు దించినప్పుడు ఎన్ని పైపులు పట్టాయో గుర్తుంటుంది, డబ్బులు కట్టింది వాళ్ళే కదా! విద్యారణ్యపురలో మదనపల్లి వైపు నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన ఒకాయన, "నలభై పైపులు దించినామమ్మా, ఒక్కోటి ఇరవై అడుగులు" అన్నారు. మోటారే 800 అడుగుల దగ్గరుంటే బోరు 300 అడుగులు ఎలా అవుతుంది? మీటర్లే. అలా కూడా తేలని ఆరు ఇళ్ళకి లోతు ఖాళీగా వదిలేసి, ఎందుకు వదిలానో డేటాతో పాటు పెట్టే వివరాల ఫైల్లో, రీడ్‌మీలో, రాశాను.

తేదీలది ఇంకో కథ. నా ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ అమెరికా పద్ధతిలో ఉంది, 5-4 అని ఏప్రిల్ 5 కొడితే మే 4 చేసి కూర్చుంది. మూడో వీధి ఒకటో ఇల్లు అని 3-1 నంబరిస్తే మార్చి 1 అయిపోయింది. ఎక్సెల్ ఇలా తేదీలుగా మార్చేస్తోందని 2020లో మనుషుల జన్యువులు కొన్నిటికి పేర్లే మార్చారు. నేను మాత్రం నంబర్ల ముందు 'వి' అక్షరం చేర్చి, అంతా సీఎస్‌వీలో, అంటే మామూలు టెక్స్ట్ ఫైల్లో, దాచుకున్నాను.

ఎక్కువ ఆలోచించింది రిమార్క్స్ కాలమ్ దగ్గర. "అద్దెకున్నవాళ్ళకి చెప్పొద్దన్నారు" అని నా చేత్తోనే రాసి ఉంది. ఆ కాలమ్ మొత్తం తీసేశాను. పేర్లు, ఫోన్ నంబర్లు సరేసరి. జీపీఎస్‌లో దశాంశం తర్వాత ఆరు అంకెలుంటే నేరుగా గేటు దగ్గరికి తీసుకెళ్తుంది, రెండే ఉంచాను. ఇప్పుడు కిలోమీటరు అటూ ఇటూ, ఆ వైపు అంత మేరలో ఎన్ని ఇళ్ళో. ఏ నంబరు ఎవరిల్లో చెప్పే పట్టిక నా దగ్గర మాత్రమే ఉంది.

పబ్లిష్ నొక్కేముందు చేతులు వణికాయి. ఒకసారి డీఓఐ వచ్చాక ఫైళ్ళలో తప్పు కనబడితే మామూలుగా కొత్త వెర్షన్ పెట్టాలి, పాతదీ అక్కడే కనబడుతూ ఉంటుంది. ముందు జెనోడో వాళ్ళ ప్రయోగాల సైటు శాండ్‌బాక్స్‌లో రెండుసార్లు సాధన చేసి, మూడోసారి అసలుది నొక్కాను.

మర్నాడు మదనపల్లి పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆవేళ పైపుల లెక్క చెప్పి, పెట్టేసేముందు ఆయనొకటి అడిగారు: "మా నీళ్ళు పట్టుకపోయి రెండేళ్ళయింది, ఎట్లున్నాయో చెప్పనే లేదు గదమ్మా?" చూసి చెప్తానన్నాను. పట్టిక తీసి చూస్తే నైట్రేట్ లీటరుకి 62 మిల్లీగ్రాములు. మన ప్రమాణాల ప్రకారం 45 దాటకూడదు.

"మరగబెట్టి తాగుతాం లేమ్మా" అన్నారు.

"మరగబెడితే నైట్రేట్ పోదండీ, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. తాగడానికి కుళాయిలో వచ్చే కావేరి నీళ్ళు పట్టుకోండి. ఇంట్లో పసిపిల్లలున్నారా?"

మనవడికి నాలుగో నెలట. ఫోన్ పెట్టేసి పట్టికలో 45 దాటిన ఇళ్ళన్నీ వేరే తీసుకున్నాను. ఈరోజు తొమ్మిది ఇళ్ళకి చెప్పాను, ఇద్దరు ఎత్తలేదు.