టిక్కీ కదలనప్పుడు ఘర్షణ ఎంత? స్కూల్ అసిస్టెంట్ ప్రిపరేషన్‌లో బలం, చలనం

డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ భౌతికశాస్త్రానికి చదివేవాళ్లలో చాలామంది బలం, చలనం పాఠాలను మొదటి వారంలోనే ముగించి కాంతి మీదా, విద్యుత్తు మీదా పడతారు. హైస్కూలు పాఠాలే కదా, మూడు సమీకరణాలు, మూడు నియమాలు, అంతే కదా అని ధీమా. నేను చూసినంతలో మార్కులు చేజారేది ఇక్కడే. అందులోనూ సూత్రాలు నోటికి వచ్చినవాళ్లే ఎక్కువ పోగొట్టుకుంటారు.

నేను గుంటూరు బ్రాడీపేటలో గది తీసుకుని చదివాను. కోచింగ్‌లో ఈ అధ్యాయానికి ఇచ్చిన మెటీరియల్ మొత్తం సూత్రాల పట్టికే. దాన్ని పక్కన పెట్టి ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి పాఠ్యపుస్తకాలే పట్టుకున్నాను. ఏ లెక్క వచ్చినా ముందు బొమ్మ గీసి, ఆ వస్తువు మీద ఏయే బలాలు పనిచేస్తున్నాయి, ఒక్కో బలాన్నీ ఎవరు కలిగిస్తున్నారు అని రాసుకునేవాణ్ణి. ఎవరు కలిగిస్తున్నారో చెప్పలేని బలాన్ని బొమ్మలోంచి కొట్టేయడమే.

సీజన్‌లో మిర్చి యార్డు వైపు వెళ్లినవాళ్లకు తెలుస్తుంది, ఘాటుకు దగ్గు ఆగదు. ఆ దగ్గుతోనే కాసేపు నిలబడి చూడండి. హమాలీ టిక్కీకి, అంటే మిర్చి బస్తాకు, ఇనుప కొక్కెం తగిలించి గుంజుతాడు. మొదటి గుంజుకు అది కదలదు. ఒళ్లంతా వెనక్కి వాల్చి మళ్లీ గుంజితే కదులుతుంది. కదిలాక అంత బలం పెట్టకపోయినా జరుగుతూ పోతుంది. స్థైతిక ఘర్షణ గరిష్ఠ విలువ జారుడు ఘర్షణ కంటే ఎక్కువ అనే వాక్యానికి ఇంతకంటే మంచి ప్రయోగశాల నాకు దొరకలేదు. (కొక్కెంతో కాస్త పైకి లాగితే అభిలంబ బలం, అంటే నేల టిక్కీని పైకి నెట్టే బలం, తగ్గుతుంది. అది వేరే లెక్క.)

ఇప్పుడు ప్రశ్న. 40 కిలోల టిక్కీ, స్థైతిక ఘర్షణ గుణకం 0.5, గురుత్వ త్వరణం 10 అనుకుందాం. అడ్డంగా 120 న్యూటన్ల బలంతో నెట్టినా అది కదల్లేదు. ఘర్షణ బలం ఎంత? సూత్రం గుర్తున్నవాడు 0.5ను టిక్కీ భారం 400తో గుణించి 200 గుర్తిస్తాడు. సరైన జవాబు 120. వస్తువు కదలలేదంటే ఫలిత బలం సున్నా, కాబట్టి ఎంత నెడితే ఘర్షణ అంతే. 200 అనేది దాని గరిష్ఠ హద్దు మాత్రమే. అదే టిక్కీని 220 న్యూటన్లతో నెట్టి, జారుడు ఘర్షణ గుణకం 0.4 ఇస్తే ఘర్షణ 160, మిగిలిన 60 న్యూటన్లు 40 కిలోలకు ఇచ్చే త్వరణం 1.5. ప్రశ్న పెట్టేవాళ్లకు ఈ రెండింటి మధ్య సందు అంటే మహా ఇష్టం.

న్యూటన్ మూడో నియమం, అంటే చర్య, ప్రతిచర్యల నియమం, దగ్గర మరో ఉచ్చు ఉంది. బల్ల మీద పుస్తకం ఉంది. దాని భారం కిందికి, బల్ల ఇచ్చే అభిలంబ బలం పైకి. రెండూ సమానం, దిశలు వ్యతిరేకం. అయితే ఇవి చర్య, ప్రతిచర్యలేనా? కావు. రెండూ పుస్తకం మీదే పనిచేస్తున్నాయి. చర్య, ప్రతిచర్యలు ఎప్పుడూ వేర్వేరు వస్తువుల మీద ఉంటాయి. భూమి పుస్తకాన్ని లాగితే, దాని ప్రతిచర్య పుస్తకం భూమిని లాగడం. బల్ల పుస్తకాన్ని పైకి నెడితే, దాని ప్రతిచర్య పుస్తకం బల్లను కిందికి నొక్కడం. పుస్తకం నిలకడగా ఉండటానికి కారణం ఫలిత బలం సున్నా అయితే వస్తువు స్థితి మారదనే మొదటి నియమమే, మూడో నియమానికి అందులో పని లేదు. డిగ్రీలో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లు కూడా ఇక్కడ తడబడటం చూశాను.

పైకి విసిరిన బంతి శిఖర స్థానంలో వేగం సున్నా, త్వరణం మాత్రం 9.8, కిందికే. లిఫ్టు సమవేగంతో పైకి పోతుంటే 60 కిలోల మనిషికి త్రాసు 588 న్యూటన్లే చూపిస్తుంది, 2 మీ/సె² త్వరణంతో పైకి లేస్తే 708. గుంటూరు నుంచి విజయవాడకు గంటకు 60 కిలోమీటర్ల వడితో వెళ్లి 40తో తిరిగొస్తే సగటు వడి 50 కాదు, 48. గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లలోకి మార్చాలంటే 5/18తో గుణించండి. వీటి మీద ఎక్కువ సమయం పెట్టనక్కర్లేదు.

బోధన పద్ధతులను ఈ అధ్యాయంతో కలిపి చదవడం నాకు బాగా పనికొచ్చింది. కదిలే వస్తువును ఏదో ఒక బలం తోస్తూనే ఉండాలన్నది అరిస్టాటిల్ నాటి నమ్మకం. మన పిల్లలు ఇప్పటికీ సరిగ్గా అదే నమ్మకంతో తరగతికి వస్తారు. గెలీలియో దాన్ని వాలు తలాలతో కదిలించాడు. ఒక వాలు మీద నుంచి దొర్లిన గోళీ ఎదుటి వాలు మీద దాదాపు అదే ఎత్తుకు ఎక్కుతుంది. ఎదుటి వాలును తగ్గించే కొద్దీ ఇంకా దూరం పోతుంది. వాలే లేకపోతే, ఘర్షణా లేకపోతే అది ఎక్కడ ఆగాలి? 1687లో న్యూటన్ ప్రచురించిన మొదటి నియమం వెనుక ఉన్న ఆలోచన ఇదే. బస్సు సడన్ బ్రేకు వేసినప్పుడు నిలబడ్డవాళ్లను ముందుకు తోసిన బలం ఏది అని అడిగితే, అలాంటి బలమేదీ లేదన్న ఐచ్ఛికాన్ని వెతకండి.

వాలు తలం, కప్పీల లెక్కలు ఆఖర్న పెట్టుకోండి. అంతకుముందు పాత ప్రశ్నపత్రాల్లోంచి ఘర్షణ ప్రశ్నలన్నీ ఏరి, జవాబులు చూడకుండా ఒక్కోదానికి బలాల బొమ్మ మాత్రమే గీయండి. బొమ్మ గీయలేని ప్రశ్నలు ఏవో తేలితే, ఆ రోజుకు చదవాల్సినవి అవే.