కరెంటు పోయింది, ఫ్యాను ఆగలేదు

టీకా వేయిద్దామని ఆరోగ్య కేంద్రానికెళ్లి, పాపని ఒళ్లో పెట్టుకుని సిస్టర్ గారి ముందు కూర్చున్నానో లేదో కరెంటు పోయింది. బయట జిరాక్స్ షాపులో జనరేటర్ మొదలైంది, ఇక్కడ మాత్రం నెత్తి మీద ఫ్యాను అలాగే తిరుగుతోంది!

"మేడ మీద సోలార్ పెట్టారమ్మా, బ్యాటరీలు కూడా ఉన్నాయి, ఇప్పుడు నాకు ఫ్రిజ్ గురించి బెంగ లేదు" అంది సిస్టర్ గారు. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి కదా, ఇదివరకు కరెంటు పోయిందంటే ఐస్ ప్యాకులు సర్దుకుంటూ గడియారం చూసుకుంటూ కూర్చునేదట. ఆ మాట విన్నాక కడుపు నిండినట్టయింది నాకు.

వచ్చేటప్పుడు మెట్లెక్కి చూశా, ఆయా ఆ పలకల మీద దుమ్ము తడిగుడ్డతో తుడుస్తోంది. దుమ్ము పడితే కరెంటు తగ్గుద్దంట, పొద్దున్నే తుడిచేస్తానంది. ఎంత శ్రద్ధో!

మధ్యాహ్నం సర్టిఫికెట్ పని మీద ఇంకో ఆఫీసుకెళ్తే ఒక్క మనిషి లేని హాల్లో ఆరు పాత ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి, ప్రాణం ఉసూరుమంది. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు లాగుద్ది, అదే తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యానైతే 28 చాలు. ఒక కిలోవాట్ సోలార్ రోజుకి ఇచ్చేది నాలుగు యూనిట్ల దాకా, అది కూడా ఇలా ఖాళీ కుర్చీలకి గాలి విసరడానికే పోతే ఎలా? ముందు ఈ ఫ్యాన్లు మార్చి, ఆ తర్వాత పలకలు పెడితే తక్కువ పలకలతోనే సరిపోద్ది కదా.

స్విచ్చులు నేనే కట్టేసి వచ్చా. ఎవరూ ఏమీ అనలేదు.