నాన్న అరికాలి పుండు, అయస్కాంత చికిత్స మీద ఆశ

నాన్నకు బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు ఆనె కట్టి దాని కింద పుండు పడింది. ఏళ్ల తరబడి ఉన్న షుగర్ వల్ల స్పర్శ పోవడంతో నొప్పి తెలియలేదు. మేజోడుకు అంటిన మరక చూసి అమ్మ గుర్తుపట్టింది. వారాల తరబడి డ్రెస్సింగ్ చేయించినా పుండు మానలేదు.

అప్పుడే తెలిసినవారొకరు విద్యుదయస్కాంత చికిత్స గురించి చెప్పారు. తీగచుట్ట ఉన్న ప్యాడ్‌ను పాదానికి ఆనిస్తారు. ఆగి ఆగి వచ్చే కరెంటుతో పుట్టే అయస్కాంత క్షేత్రం కొత్త రక్తనాళాలు పుట్టేలా చేస్తుందంటారు. అతకని ఎముకల కోసం ఇలాంటి పరికరాలకు అమెరికాలో 1979లోనే అనుమతి వచ్చింది. నెల రోజుల మామూలు వైద్యానికి లొంగని కొన్ని మొండి పుండ్లకు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం మెడికేర్ 2004 నుంచి ఈ చికిత్స ఖర్చు భరిస్తోంది. అది చదివాక నాకు గట్టి ఆశే పుట్టింది.

పాదాల వైద్యురాలిని అడిగితే ఆమె ముందు పరీక్షలు చేశారు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగును అరికాలికి తాకించారు. కళ్లు మూసుకున్న నాన్న ఒక్కచోట కూడా తెలిసిందని అనలేదు. రక్తప్రసరణ బాగుంది, ఎముకకు ఇన్ఫెక్షన్ సోకలేదు.

"ఆయన రోజూ ఆ పుండు మీదే నడుస్తున్నారమ్మా. ఆ బరువు తప్పించకుండా ఏ యంత్రం పెట్టినా లాభం లేదు" అన్నారు. మేలైన ప్రామాణిక చికిత్సను కాదని విద్యుత్తు, అయస్కాంతాల వైపు వెళ్లవద్దని 2019 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. మీ ఇంట్లో ఇలాంటి పుండు ఉంటే, యంత్రం అద్దె ఎంతని అడిగే ముందు పాదం మీద పడే బరువు ఎలా తగ్గించాలో తప్పక అడగండి.

ఆమె పుండు చుట్టూ తెల్లగా గట్టిపడిన అంచును గులాబీ రంగు కండ కనిపించేదాకా చెక్కి, బరువంతా పుండు మీదే పడకుండా మోకాలి కిందిదాకా పిండికట్టు వేశారు. విప్పుకోవడానికి వీల్లేని కట్టు అది. భారతదేశంలో కుష్ఠు రోగుల అరికాలి పుండ్లకు వాడిన ఈ పద్ధతిని, వెల్లూరులో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ 1960లలో అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి తీసుకెళ్లారట. మనకు ఇంత దగ్గరి వైద్యం గురించి ఎవరూ చెప్పకపోవడం నన్ను చాలా బాధపెట్టింది.

కట్టుతో నాన్న పడిన అవస్థ తక్కువేమీ కాదు. స్నానానికి ప్లాస్టిక్ సంచి, మెట్లెక్కడానికి నా భుజం, రాత్రిళ్లు లోపల దురద. అయినా కట్టు మార్చిన ప్రతిసారీ పుండు కొలత తగ్గుతూ వచ్చి, చివరికి పూర్తిగా మూసుకుపోయింది. ఇప్పుడు ఇంట్లోనూ మెత్తటి రబ్బరు అడుగున్న ఎంసీఆర్ చెప్పులే. అక్కడ మళ్లీ ఆనె కడుతోందేమోనని నెలనెలా చూపిస్తున్నాం.