గుండె ఆగినట్టుండే ఆ కొన్ని సెకన్ల గురించి ముందుగా చెప్పండి

నా గుండె కండరం గట్టిగానే ఉంది, కవాటాలు సక్రమంగానే మూసుకుంటున్నాయి. ఎకో పరీక్ష చేసిన ప్రతిసారీ వైద్యులు ఈ మాటే చెప్పారు. ఉన్నట్టుండి గుండె దడ పట్టే నా జబ్బంతా కర్ణికలనే పై గదుల నుంచి జఠరికలనే కింది గదులకు విద్యుత్ ప్రేరణ దిగే చిన్న చోటులో, కర్ణికాజఠరికా కణుపు దగ్గర ఉంది. గుంటూరులో ఇంటర్మీడియట్ విద్యార్థులకు జువాలజీ బోధించడం నా వృత్తి కనుక ఆ కణుపును, దాని కింద ప్రేరణను మోసుకెళ్ళే హిస్ కట్టను, పర్కింజి తంతువులను నల్లబల్ల మీద గీయడం నాకు ఏటా ఉన్న పనే. నా అనుభవాన్ని ముఖ్యంగా పారామెడికల్ కోర్సులు చదువుతున్నవారి కోసం రాస్తున్నాను. ఈ జబ్బుకు అత్యవసరంగా ఇచ్చే అడెనోసిన్ అనే మందు ఎలా పనిచేస్తుందో మీకు పాఠంలో చెబుతారు. అది ఒంట్లోకి ఎక్కినప్పుడు ఎలా ఉంటుందో మాత్రం ఎక్కించుకున్నవారే చెప్పగలరు.

నాకు దడ ఎప్పుడూ ఉన్నట్టుండి మొదలయ్యేది. కింద పడిన సుద్దముక్క కోసం వంగినప్పుడో, మెట్లెక్కి పై అంతస్తులోని తరగతికి చేరినప్పుడో, ఒక్కోసారి ఊరికే కూర్చుని ఉన్నప్పుడో గుండె ఒక దెబ్బ ముందుగా కొట్టుకున్నట్టు అనిపించి, మరుక్షణం నుంచి లెక్కపెట్టలేనంత వేగం అందుకునేది. పరుగెత్తి వచ్చిన మనిషికి దడ మెల్లమెల్లగా తగ్గుతుంది. నాది మాత్రం ఎలా మొదలైందో అలాగే చటుక్కున ఆగిపోయేది. దడ ఉన్నంతసేపూ మెడకు రెండు వైపులా సిరలు ఎగిసిపడటం అద్దంలో కనిపించేది. ఆగిన తర్వాత చాలాసేపు పదేపదే మూత్రానికి వెళ్ళవలసి వచ్చేది. ఈ మూడు లక్షణాలూ ఒకే కథలోవి. కర్ణికలు, జఠరికలు దాదాపు ఒకేసారి సంకోచించినప్పుడు కర్ణికలలోని రక్తం మూసి ఉన్న కవాటాలను తాకి, దారి లేక మెడ సిరల్లోకి వెనక్కు తన్నుతుంది. అలా సాగిన కర్ణికల గోడలు ఉప్పును, నీటిని బయటకు పంపే హార్మోనును విడుదల చేస్తాయి. మీకు తారసపడే రోగి ‘దడ’ అని ఒక్క మాటతో సరిపెట్టినా, మెడ గురించీ మూత్రం గురించీ అడిగి చూడండి.

నేను ఆసుపత్రికి చేరేసరికి దడ ఆగిపోయి ఉండేది, ఈసీజీ మామూలుగా వచ్చేది. దడ లేని సమయంలో ఈ రోగుల ఈసీజీ అలా ఉండటమే సహజం. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించారు, అవి చేయించవలసినవే. వాటిలోనూ ఏమీ తేలకపోవడంతో ఆందోళన వల్ల వస్తోందన్నారు, నిద్రపట్టడానికి మాత్రలు రాశారు. ఇది పురుషులలో కన్నా స్త్రీలలో ఎక్కువగా కనిపించే జబ్బు. నలభై దాటిన ఉద్యోగిని గుండె దడ అనగానే అందరికీ మొదట తోచే కారణం ఆందోళన. ఈ రెండూ కలిసినందువల్లనే నాలాంటి వారికి నిర్ధారణ ఏళ్ళ తరబడి ఆలస్యమవుతుందని నా గట్టి నమ్మకం.

అసలు జరిగేది ఇది. గుండె లయను నడిపే సిరాకర్ణికా కణుపులో పుట్టిన ప్రేరణ జఠరికలకు చేరే ముందు కర్ణికాజఠరికా కణుపులో సుమారు 0.1 సెకను ఆగుతుంది. కర్ణికలు ఖాళీ అయి జఠరికలు నిండటానికి ఆ వ్యవధి అవసరం. కొందరిలో ఈ కణుపు పరిసరాల్లో ప్రేరణ నడిచే దారులు రెండు ఉంటాయి. ఒక దారిలో ప్రేరణ త్వరగా దిగుతుంది, కానీ ఆ దారి మళ్ళీ సిద్ధం కావడానికి ఎక్కువ సమయం పడుతుంది. రెండో దారిలో నెమ్మదిగా దిగుతుంది, కానీ అది త్వరగా కోలుకుంటుంది. ముందుగా పుట్టిన ఒక్క దెబ్బ వచ్చినప్పుడు త్వరిత మార్గం ఇంకా కోలుకుని ఉండదు కనుక ప్రేరణ నిదాన మార్గంలో దిగుతుంది, అది అడుగుకు చేరేలోగా త్వరిత మార్గం సిద్ధమవడంతో దాని గుండా పైకి ఎక్కి, మళ్ళీ నిదాన మార్గంలోకి దిగి, అలా ఆ చిన్న వలయంలోనే తిరుగుతూ ప్రతి చుట్టుకూ జఠరికలకు ఒక ఆజ్ఞ పంపుతుంది. నా దడ ఒక్కసారిగా మొదలై ఒక్కసారిగా ఆగడానికి కారణం ఇదే. వలయం తిరుగుతుంది, లేదా తెగుతుంది. మధ్యస్థమైన స్థితి ఉండదు.

వేగం పెరిగితే రక్తం ఎక్కువగా అందాలి కదా అని మా విద్యార్థులు అడుగుతుంటారు. కొంతవరకు ఆ మాట నిజమే. నిమిషానికి 70 సార్లు, ప్రతిసారీ సుమారు 70 మిల్లీలీటర్ల చొప్పున గుండె నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుంది. వేగం 200కు చేరితే ఒక్కో స్పందనకు మిగిలే వ్యవధి 0.3 సెకను మాత్రమే. సంకోచానికి పట్టే కాలం అంతగా తగ్గదు కనుక కోత పడేదంతా వ్యాకోచానికే, అంటే జఠరికలు నిండే కాలానికే. కుళాయి కింద పెట్టిన బిందెను నిండకముందే లాగేస్తూ పోతే ఎన్ని బిందెలు మోసినా ఇంట్లో తొట్టి నిండదు. పైగా ఎడమ జఠరిక గోడకు కరోనరీ ధమనుల ద్వారా రక్తం అందేది ప్రధానంగా వ్యాకోచంలోనే కాబట్టి, పని పెరిగిన సమయంలోనే గుండెకు తన సొంత ఆహారం తగ్గుతుంది. కళ్ళు బైర్లు కమ్మడం, ఛాతీ బిగుసుకోవడం ఊహించుకున్న బాధలు కావని నాకు అర్థమైంది ఈ లెక్క వేసుకున్నాకనే.

చివరికి ఒక వేసవి మధ్యాహ్నం దడ ఆగకుండా ఉండగానే ఆసుపత్రికి చేరాను. మానిటరు మీద 196 అని కనిపించింది. చుట్టూ చేరినవారు వేగంగా, నేర్పుగా పనిచేశారు. ఆ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. మోచేతి మడతలోని పెద్ద సిరకు సూది పెట్టారు, ఒక సిరంజిలో మందు, ఇంకో సిరంజిలో సెలైన్ సిద్ధం చేసుకున్నారు, చేయి పైకెత్తి పట్టుకుని రెండూ వెంటవెంటనే తోసేశారు. నాతో మాత్రం ఎవరూ ఒక్క మాటైనా అనలేదు. రెండు మూడు ఊపిరుల్లో ముఖమంతా వేడెక్కింది, రొమ్ము మీద బండ పెట్టినట్టయి గాలి ఆడలేదు, అంతవరకు చెవుల్లో మోగుతున్న మానిటరు శబ్దం ఆగిపోయింది. చనిపోతున్నాననే భావన అనుమానంలా కాక నిశ్చయంగా కలిగింది. మా వారిని పిలవాలనుకున్నాను, నోరు పెగల్లేదు. తర్వాత ఒక దెబ్బ, కొంత విరామం, ఇంకో దెబ్బ, ఆపైన క్రమమైన లయ. గదిలో అందరూ సంతోషించారు. వలయం తెగిన క్షణంలో వచ్చిన ఈసీజీ కాగితం వల్లనే నా జబ్బుకు ఏవీఎన్‌ఆర్‌టీ (కర్ణికాజఠరికా కణుపు దగ్గర ప్రేరణ వలయంగా తిరగడం వల్ల వచ్చే దడ) అనే పేరు దొరికింది. అందుకు ఆ బృందానికి నేను రుణపడి ఉన్నాను. అయితే ఆ భయం నన్ను చాలా కాలం వదల్లేదు. తర్వాత దడ వచ్చినప్పుడల్లా, ఆసుపత్రికి వెళితే మళ్ళీ ఆ మందు ఎక్కిస్తారనే భయంతో ఇంట్లోనే మంచం పట్టుకుని కూర్చునేదాన్ని. చెప్పకుండా ఇచ్చిన మందు అప్పటికి జబ్బును ఆపింది గానీ, ఆ తర్వాత రోగిని వైద్యానికి దూరం చేసింది.

ఆ మందే అడెనోసిన్. అది శరీరానికి పరాయి పదార్థం కాదు. కండరానికి శక్తినిచ్చే ఏటీపీ విచ్ఛిన్నమవుతూ పోతే చివరికి మిగిలే భాగాల్లో అదొకటి. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేస్తూ కండరంలో ఏటీపీని గుర్తించినట్టు 1929లో ప్రకటించారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దానిని గుర్తించారు. గుండె వేగం మీద అడెనోసిన్ ప్రభావాన్ని డ్రూరీ, సెంట్-గ్యోర్గీ అనే శాస్త్రవేత్తలు ఇంగ్లండులో వివరించినదీ ఆ 1929లోనే. తరగతిలో ఏటీపీ పాఠం చెప్పేటప్పుడు సుబ్బారావు గారి పేరు నేను ఎప్పుడూ గౌరవంగా తలుచుకుంటాను. ఆ అణువులోని ఒక ముక్క నా లయను సరిచేసిందని తెలిశాక ఆ పాఠం నాకు మరింత దగ్గరైంది.

సిరలోకి వేగంగా తోసిన అడెనోసిన్ కర్ణికాజఠరికా కణుపు కణాల్లో పొటాషియం ద్వారాలను తెరిపించి, ప్రేరణను కొన్ని క్షణాలపాటు అక్కడ దాటనివ్వదు. వలయంలో ఒక భాగం అలా మూసుకుంటే తిరిగే ప్రేరణకు దారి ఉండదు, అది ఆరిపోతుంది. ఆపైన సిరాకర్ణికా కణుపు తన అధికారాన్ని తిరిగి చేపడుతుంది. రక్తంలో దీని అర్ధాయువు, అంటే సగానికి తగ్గిపోయే కాలం, 10 సెకన్లలోపే. ఎర్ర రక్తకణాలు, రక్తనాళాల గోడల కణాలు దానిని తక్షణమే లాగేసుకుంటాయి. నెమ్మదిగా ఇస్తే, లేదా చేతి వెనుక సన్నని సిరలో ఇస్తే గుండెకు చేరకముందే అది అయిపోతుంది. పెద్ద సిర, చేయి ఎత్తడం, వెనువెంటనే 20 మిల్లీలీటర్ల సెలైన్, ఇవన్నీ అందుకే. మొదట 6 మిల్లీగ్రాములు, లొంగకపోతే 12 ఇస్తారు. రోగికి కలిగే ఆ ఘోరమైన భావన కూడా అంతే త్వరగా పోతుంది, కానీ అది పోతుందని రోగికి తెలియదు.

మరోసారి దడ తగ్గకపోయేసరికి మా వారు నా మాట వినకుండా 108కి ఫోన్ చేశారు. బ్రాడీపేటలోని మా ఇంటికి వాహనం వచ్చింది. అందులోని ఈఎంటీ, అంటే అత్యవసర వైద్య సహాయకుడు, పాతికేళ్ళ కుర్రవాడు. ముందుగా రక్తపోటు చూసి, స్పృహ, ఊపిరి, ఛాతీ నొప్పి గురించి అడిగి, మానిటరు కాగితం తీసి భద్రపరిచాడు. రక్తపోటు పడిపోయి స్పృహ తప్పుతున్న రోగి అయితే మందులతో కాలయాపన చేయకుండా లయకు అనుసంధానించిన విద్యుత్ షాక్ ఇవ్వవలసి ఉంటుంది. నా పరిస్థితి అంతవరకు రాలేదు. “అమ్మా, ఈ ఖాళీ సిరంజిలోకి లోపలి గొట్టం కదిలేంత గట్టిగా ఊదండి. 15 సెకన్లు నేను లెక్కపెడతాను. ఆపమనగానే మిమ్మల్ని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుతాం, కంగారు పడకండి” అన్నాడు. అలాగే చేసి పైలట్ (వాహనం నడిపే వ్యక్తి) సాయంతో నా కాళ్ళను 45 డిగ్రీల వరకు ఎత్తి పట్టుకున్నాడు. ఊదడం ఆపగానే గుండెకు రక్తం ఒక్కసారిగా తిరిగివచ్చి రక్తపోటు ఎగుస్తుంది, దానికి స్పందనగా, గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నాడి కణుపుకు కళ్ళెం వేస్తుంది. 2015లో ఇంగ్లండులో ప్రచురితమైన పరిశీలనలో ఈ పద్ధతితో 43 శాతం మందికి లయ కుదుటపడింది. కూర్చోబెట్టి ఊదించిన పాత పద్ధతిలో అది 17 శాతమే. ఖర్చు లేని ఈ చికిత్సను ప్రతి అంబులెన్సులోనూ శ్రద్ధగా చేయాలని నా విన్నపం. నాకు ఆ రోజు అది ఫలించలేదు.

ఆసుపత్రిలో ఆ కాగితం చూసిన వైద్యురాలు నన్ను మూడు ప్రశ్నలు అడిగారు. ఆయాసం, ఉబ్బసం ఉన్నాయా అన్నది మొదటిది, అడెనోసిన్ శ్వాసనాళాలను బిగించగలదు కనుక. మిర్చి ఘాటులో పనిచేసేవారు ఎందరో ఉన్న మా ఊళ్ళో ఆ ప్రశ్నను ఎవరినీ అడగకుండా వదలకూడదు. ఏ మాత్రలు వాడుతున్నారన్నది రెండోది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే డైపిరిడమోల్, మూర్ఛకు ఇచ్చే కార్బమజిపైన్ వాడేవారిలో ఈ మందు ప్రభావం పెరుగుతుంది, మోతాదు తగ్గించాలి. టీ, కాఫీ తాగి ఎంతసేపయిందన్నది మూడోది. కెఫీన్ అడెనోసిన్ కూర్చోవలసిన చోటనే ముందుగా వెళ్ళి కూర్చుంటుంది కాబట్టి మొదటి మోతాదు పనిచేయకపోవచ్చు. నేను అంతకు కొద్దిసేపటి క్రితమే టీ తాగాను.

ఆ తర్వాత ఆమె నా భుజం మీద చేయి వేసి, “మేడమ్, ఇది ఎక్కగానే రొమ్ము బరువెక్కుతుంది, ముఖం వేడెక్కుతుంది, ప్రాణం పోతున్నట్టే అనిపిస్తుంది. గుండె కొద్ది సెకన్లు ఆగినట్టవుతుంది. అది మేము కోరుకునేదే. నేను పైకి లెక్కపెడుతుంటాను, పది దాటేసరికి తగ్గడం మొదలవుతుంది” అన్నారు. మొదటి 6 మిల్లీగ్రాములకు దడ లొంగలేదు, 12కు లొంగింది. బాధ పోయినసారి ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది, బండ అదే, వేడి అదే. కానీ ఆమె లెక్క వినిపిస్తూ ఉంది, దాని చివరి అంకె నాకు ముందే తెలుసు. అందుకే ఈసారి భయం నన్ను ముంచలేదు. మందు మారలేదు, మోతాదు ఇంకా పెరిగింది. మారింది ఆ నాలుగు వాక్యాలే.

ఆ తర్వాత విజయవాడలో ఎలక్ట్రోఫిజియాలజీ పరీక్ష, అబ్లేషన్ చేయించుకున్నాను. తొడ సిర గుండా సన్నని తీగలు పంపి, దడను కావాలనే రప్పించి, నిదాన మార్గం ఎక్కడుందో గుర్తించి, రేడియో తరంగాల వేడితో ఆ చోటును నిర్వీర్యం చేశారు. ఈ జబ్బులో నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. కణుపు దెబ్బతిని పేస్‌మేకర్ (గుండెకు కృత్రిమంగా ప్రేరణనిచ్చే పరికరం) అవసరమయ్యే ప్రమాదం నూటికి ఒకరికి మించదని ముందే వివరించి సంతకం తీసుకున్నారు. చికిత్స తర్వాత కొన్ని గంటలు కాలు కదపకుండా పడుకోవడమే నాకు కష్టమనిపించింది. కొన్ని వారాలపాటు అప్పుడప్పుడు ఒక దెబ్బ ముందుగా పడేది, దాని వెనుక దడ వస్తుందేమోనని ఎదురుచూసేదాన్ని, అది రాలేదు. అంతవరకు గుండె వేగం తగ్గడానికి వాడుతున్న మెటోప్రొలాల్ మాత్రలు వైద్యుల సలహాతో ఆపేశాను. ఇప్పుడు మెట్లెక్కి పై తరగతికి వెళుతున్నాను, పాఠం మధ్యలో కూర్చోవలసిన అవసరం రావడం లేదు.

అంబులెన్సులో పనిచేయబోయే పిల్లలకు ఇంకొక్క కోరిక చెప్పుకుంటాను. దడ ఉండగా తీసిన ఈసీజీ కాగితాన్ని, మందు ఇచ్చే సమయంలో ఆపకుండా నడిపించిన కాగితాన్ని కేస్ షీటుకు జతచేయండి. మందు పేరు, మోతాదు, ఏ సిరలో ఇచ్చారు, ఎన్ని గంటలకు ఇచ్చారు అన్నవి దాని మీద రాయండి. వీలైతే రోగి ఫోనులో దాని ఫొటో తీసి ఇవ్వండి. వేడితో అచ్చయ్యే ఆ థర్మల్ కాగితం మీది గీతలు కాలం గడిచేకొద్దీ వెలిసిపోతాయి, నా మొదటి కాగితంలో సగం ఇప్పటికే కనిపించడం లేదు; అబ్లేషన్‌కు ముందు విజయవాడ వైద్యులు నన్ను మొట్టమొదట అడిగింది ఆ కాగితాన్నే.