భూకంపం గురించి సిరోంచలో అడిగితే

కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన దాటితే మహారాష్ట్ర. బోర్డులు మరాఠీలోకి మారాయి, మాటలు మారలేదు. గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన ఉన్న సిరోంచలో బస్టాండు నుంచి టీ కొట్టు దాకా తెలుగే. ఇక్కడికి చాలామంది ప్రాణహిత, గోదావరి సంగమం చూడటానికి వస్తారు. 2024 డిసెంబర్ 4 ఉదయం 7:27కి ములుగు వైపు 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు ఈ ఊరివాళ్లకు ఏం తెలిసిందో అడగాలని నేను వచ్చాను.

"గిన్నెలు గలగలమన్నాయి తమ్ముడూ. ఈయన నన్ను పిలవకుండానే బయటికి పరుగెత్తాడు" అంది టిఫిన్ సెంటర్ ఆవిడ. గిన్నెలు ఎటు పడ్డాయక్కా అంటే నది వైపు అంది. కాదు, గోడ వైపు అన్నాడు భర్త. ఇద్దరి మాటా రాసుకున్నాను.

ఇలా అడిగి రాసుకునే పిచ్చి, భూకంపాలను చదివిన భూవిజ్ఞాని రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హాం వల్ల పట్టుకుంది. 1858లో డబ్లిన్‌లో పుట్టాడు. తండ్రి థామస్ భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు తొలి అధిపతి. ఆయన 1878లో పోయాడు, మరుసటి ఏడాది కొడుకు అదే సంస్థలో చేరాడు. తండ్రి వదిలి వెళ్లిన భారత భూకంపాల జాబితాను సరిచేసి 1883లో అచ్చువేయించాడు. వారసత్వంగా కాగితాల కట్ట దొరకడం అందరికీ సంతోషం కలిగించదు గానీ, ఈయన బతుకుకు దారి అదే చూపింది.

1897 జూన్ 12న అస్సాంలో మహా భూకంపం వచ్చింది. ఓల్డ్‌హాం చూసినవాళ్ల కథనాలు సేకరించాడు, ఒరిగిన సమాధి స్తంభాలను కొలిచాడు. కొన్నిచోట్ల బండరాళ్లు తమ గుంటల అంచులు చెదరకుండానే బయటపడి ఉన్నాయి. దొర్లి ఉంటే అంచులు విరిగేవి. అంటే రాయి నిలువుగా పైకి లేచింది. నేల కుదుపు భూమ్యాకర్షణనే మించింది. నాకు ఆయన పనిలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. యంత్రం లేని చోట రాయిని సాక్ష్యం అడిగాడు.

ఈ భూకంపంపై ఆయన రాసిన 1899 నాటి నివేదికలో ఇంకో సంగతి ఉంది. ఇటలీ వంటి దూరదేశాల పరికరాలు గీసిన గీతల్లో ముందు వచ్చే తరంగాలు, వెనక వచ్చేవి, చివర నేల పైపొర వెంట పాకేవి అని మూడు రకాలను ఆయన విడదీశాడు. అనారోగ్యంతో 1903లో ఉద్యోగం వదిలాక, 1906లో ఆ తరంగాల ఆలస్యాన్ని లెక్కవేసి భూమి నడుమ వేరే పదార్థంతో ఒక కేంద్రం ఉందని చెప్పాడు. దాని వ్యాసార్థం భూమి వ్యాసార్థంలో 0.4 వంతు అనుకున్నాడు, నిజానికి అది సగానికి కాస్త ఎక్కువే.

మధ్యాహ్నం ఆటోలో వడదం వెళ్లి రాళ్లయిన చెట్ల మానులు చూశాను. పురాతన కాలంలో పగుళ్ల నడుమ కుంగిన లోయ ఇది. సింగరేణి బొగ్గు కూడా ఈ లోయ పొరల్లోదే. ఈ ప్రాణహిత, గోదావరి లోయ భూగర్భంపై 1881లో పుస్తకం రాసిన విలియం కింగ్ తర్వాత ఓల్డ్‌హాంకు పై అధికారి అయ్యాడు. ఆ పాత పగుళ్లే ఇప్పటికీ అప్పుడప్పుడు కదులుతుంటాయి.

"మళ్లీ వస్తుందా సార్?" అన్నాడు ఆటో అబ్బాయి. 1969లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది, రావచ్చు, తేదీ మాత్రం ఎవరూ చెప్పలేరన్నాను. అయితే రేకుల ఇల్లే మేలా అని అడిగాడు. ఇదే రాష్ట్రంలోని కిల్లారిలో 1993లో దాదాపు 10,000 మంది చనిపోయారు. అక్కడ ఎక్కువమందిని చంపింది మట్టితో పేర్చిన బరువైన రాతి గోడలు. గోడలన్నిటినీ చుట్టి కట్టే కాంక్రీటు పట్టీ వేయించుకో, చాలా వరకు కాపాడుతుందన్నాను. స్టీలు ఎంత పడుతుందని అడిగాడు. అది మేస్త్రీ చెప్పాలి. ఆటో పక్కకు ఆపి ఫోను తీశాడు.